గూడు దొరికింది, కోయిలేదీ?

కోయిల గూడు కట్టుకోదని చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. కాకి గూట్లో గుడ్డు పెట్టి తన దారిన తను పోతుంది. కాకి పాపం, అది తన గుడ్డే అనుకుని పొదుగుతుంది, పిల్లకి మేత తెచ్చి నోట్లో పెడుతుంది. మనవాళ్ళు కోయిలకి 'పరభృతం' అని పేరు పెట్టారు. పరాయివాళ్ళు పెంచినది అని అర్థం. అంత గొప్ప గాయనికి ఆ పేరు పెట్టడంలో కొంచెం దెప్పిపొడుపు కూడా ఉందని నా అనుమానం.

ఇప్పుడీ కోయిల గొడవెందుకంటారా? కంప్యూటర్లలో జొరబడే దొంగని జాడ తీసిన కథలన్నిటిలోకీ పేరుమోసిన పుస్తకం ఒకటుంది. 1989లో అమెరికాలో అచ్చయింది. రాసినాయన క్లిఫర్డ్ స్టోల్. పుస్తకం పేరుకి మన భాషలో అర్థం 'కోయిల గుడ్డు'. వాళ్ళ కోయిల వేరు, మన కోయిల వేరు. బుద్ధి మాత్రం ఒకటే.

ఈ స్టోల్‌గారు నిజానికి ఖగోళ శాస్త్రజ్ఞుడు. నక్షత్రాలు చూసుకునే మనిషి. కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో ఆయన పనికి ఇచ్చే డబ్బు అయిపోతే, ఇంటికి పంపించెయ్యకుండా కంప్యూటర్ల విభాగానికి బదిలీ చేశారు. అది 1986 ఆగస్టు. ఆ రోజుల్లో కంప్యూటరు ఎంతసేపు వాడుకుంటే అంత డబ్బు కట్టాలి, మన అద్దె సైకిలు లాగ. నెలాఖరు లెక్కల్లో 75 సెంట్లు తేడా వచ్చింది. ఆనాటి మన డబ్బులో పది రూపాయలకి లోపే. కొత్తగా వచ్చాడు గదా, ఈ చిల్లర తేడా ఏమిటో చూడవయ్యా అని పై ఆయన పురమాయించాడు.

మనమైతే జేబులోంచి పది రూపాయలు తీసి పద్దు సరిచేసి, కాఫీ తాగడానికి వెళ్ళేవాళ్ళం. నక్షత్రాలు చూసేవాడు అలా ఊరుకోలేడు. లెక్కకి అందని చిన్న వెలుగు కనిపిస్తే అది ఎక్కణ్ణించి వస్తోందో తేల్చాలి, అదే వాళ్ళ వృత్తి. తవ్వుకుంటూ పోతే, డబ్బు కట్టే చిరునామా ఏదీ లేని ఖాతాదారు ఒకడు తేలాడు. ఇంతలో మేరీలాండ్ నించి ఫిర్యాదు వచ్చింది: 'మీ ప్రయోగశాల నించి ఎవరో మా కంప్యూటర్లోకి దూరబోయారు' అని. ఆ వేళకి యంత్రం మీద కూర్చున్నట్టు పద్దులో ఎవరి పేరుందో, ఆ పెద్దమనిషి అప్పటికే ఇంగ్లండులో ఉన్నాడు.

చూడండి, జాడ అంతా కదలడానికి కారణం ఈ ఫిర్యాదే. ఆ చివర ఎవరో ఒకరు తమ తలుపు తట్టినవాణ్ణి గమనించి, వాడొచ్చిన ఇల్లు ఏదో చూసి, ఆ ఇంటివాళ్ళకి ఓ మాట చెప్పారు. ఈనాడు రోజూ లక్షలాదిగా జరిగే పని ఇదే. పట్టించుకున్న ఇంటివాళ్ళు ఎందరన్నది వేరే సంగతి.

సరే, స్టోల్ ఏం చేశాడంటే, ఒక శుక్రవారం సాయంత్రం అందరూ ఇళ్ళకి వెళ్ళాక, ఆఫీసులో బల్లల మీద ఉన్న ప్రింటర్లూ, టెర్మినళ్ళూ ఎవరినీ అడక్కుండా పట్టుకొచ్చేశాడు. బయటి నుంచి లోపలికి వచ్చే తీగలు యాభై దాకా ఉన్నాయి. ఒక్కొక్క తీగకీ ఒక్కొక్క యంత్రం తగిలించి, ఆ రెండు రాత్రులూ అక్కడే బల్ల కింద పడుకున్నాడు. ఆదివారం పొద్దున చూస్తే ఒక ప్రింటరు దగ్గర ఎనభై అడుగుల కాగితం కుప్పపడి ఉంది. దొంగ వేసిన ప్రతి అడుగూ అందులో అచ్చయి ఉంది. కంప్యూటరు అయిదేసి నిమిషాలకోసారి తనంతట తాను నడిపించే చిన్న ప్రోగ్రాం ఒకటుంటే, దొంగ దాన్ని తీసేసి, అదే పేరుతో తనది పెట్టాడు. కంప్యూటరు పాపం, అది తన గుడ్డే అనుకుని పొదిగింది. పిల్ల బయటికి రాగానే యజమాని అధికారాలన్నీ దానికొచ్చేశాయి.

పోలీసులకి చెప్పాలిగా. ఎఫ్.బి.ఐ. వాళ్ళకి చెబితే 'నష్టమెంత?' అన్నారు. '75 సెంట్లు' అన్నాడు ఈయన. ఆ తరవాత ఫోను సంభాషణ ఎలా సాగి ఉంటుందో మీరే ఊహించుకోండి. ఒక శాఖవారు ఇది మా పరిధి కాదంటారు, మరొకరు వింటాం గాని ఏమీ చెప్పమంటారు. మన దేశంలోనే ఇలా ఉంటుందనుకునేవాళ్ళకి ఈ పుస్తకం కొంత ఊరట.

ఇహ జాడ సంగతి. తీగ పట్టుకుని వెనక్కి వెడితే పక్కనున్న ఓక్లండ్ ఊరు వచ్చింది. అక్కణ్ణించి టెలిఫోను తీగ దేశానికి ఆ చివర వర్జీనియాకి తీసుకుపోయింది. అక్కడ సైనిక శాఖకి పని చేసిపెట్టే ఒక సంస్థ ఉంది. దొంగ అక్కడివాడే అనుకున్నారు. కాదు! వాడు ఆ సంస్థలోకి కూడా బయటి నించి దూరి, వాళ్ళ ఫోను బిల్లు మీదే దేశమంతా తిరుగుతున్నాడు. మరి అక్కడికెలా వచ్చాడని చూస్తే సముద్రం దాటింది జాడ. పశ్చిమ జర్మనీ, బ్రెమెన్ విశ్వవిద్యాలయం. పోనీ అక్కడి విద్యార్థా అంటే అదీ కాదు. హనోవర్ అనే ఊళ్ళో ఎవరి ఇంట్లోదో మామూలు టెలిఫోను.

ఈ మజిలీలన్నీ నిజమైన చిరునామాలే. ఒక్కటీ దొంగ చిరునామా కాదు. ఒక్కచోటా దొంగ లేడు.

మధ్యలో ఒక ముచ్చట. ఒకసారి దొంగ ఏదో ముఖ్యమైన కాగితం కాపీ చేసుకోబోతున్నాడు. తీగ తెంపేస్తే వాడికి అనుమానం వస్తుంది, ఊరుకుంటే కాగితం పోతుంది. స్టోల్ తన తాళాల గుత్తి తీసి తీగ మీద గలగలలాడించాడు. అవతలివాడికి అక్షరాలు అలికిపోయి, లైను బాగాలేదు కాబోలు అనుకున్నాడు. కోట్ల డాలర్ల కంప్యూటర్లకి ఆ పూట కాపలా కాసింది తాళం చెవులు సుమండీ.

హనోవర్లో మరో చిక్కు వచ్చిపడింది. అక్కడి టెలిఫోను ఎక్స్ఛేంజి పాతకాలంది. ఫోను ఎక్కణ్ణించి వస్తోందో చూడాలంటే ఓ మనిషి వెళ్ళి మీటలు వెతుక్కుంటూ కనిపెట్టాలి. దానికి గంటా రెండు గంటలు పడుతుంది. దొంగేమో నిమిషాల్లో వెళ్ళిపోతాడు. వాణ్ణి అంతసేపు కూర్చోబెట్టడమెలా? ఈ ప్రశ్నకి జవాబు స్టోల్ స్నేహితురాలు మార్తా చెప్పింది, అదీ స్నానాల గదిలో. దొంగకి సైనిక రహస్యాలంటే మోజు గదా, మనమే దొంగ రహస్యాలు రాసి పెడదాం, తీరిగ్గా చదువుకుంటాడు అంది. ప్రయోగశాలలోని పనికిమాలిన ప్రభుత్వ ఉత్తర్వులూ గుమాస్తా ఉత్తరాలూ పోగుచేసి, అక్కడక్కడ మాటలు మార్చి, అంతరిక్ష యుద్ధానికి సంబంధించిన పెద్ద పథకంలా తయారుచేశారు. 1987 జనవరిలో దొంగ అది చూశాడు. గంటకి పైగా కదల్లేదు. ఆఫీసు ఉత్తరాలని అంత శ్రద్ధగా చదివినవాడు చరిత్రలో ఇంకొకడుంటాడనుకోను.

ఆ చివరి ఇంట్లో మార్కస్ హెస్ అనే కుర్రాడు దొరికాడు. దాదాపు 450 కంప్యూటర్ల తలుపులు తట్టి, ముప్పయ్యికి పైగా లోపలికి దూరాడు. తనూ, తన స్నేహితులూ దొరికిన కాగితాలని సోవియట్ గూఢచారులకి అమ్ముకుంటున్నారని తరవాత బయటపడింది. 1990లో కోర్టు శిక్ష వేసింది గాని, జైల్లో కూర్చోబెట్టలేదు. 75 సెంట్ల తేడాకి పది నెలల వెతుకులాట.

ఆ కాలంలో ఇలా వెతికేవాళ్ళు ఒకళ్ళో ఇద్దరో. ఇప్పుడు మన చేతి ఫోనుకి కూడా ఒక చిరునామా ఉంటుంది. నాలుగు అంకెలు, మధ్యలో చుక్కలు. ఒక్కో అంకె సున్నా నించి 255 దాకా. అన్నీ కలిపితే దాదాపు 430 కోట్లు వస్తాయి. ఈ పద్ధతి మొదలుపెట్టినప్పుడు ఇన్ని చిరునామాలు ఎవరికని అనుకున్నారు. 2011 ఫిబ్రవరికి పైవాళ్ళ దగ్గర పంచిపెట్టడానికి ఒక్క కట్ట మిగల్లేదు.

దొంగల వెనకాలే వచ్చారు చెత్త ఉత్తరాలవాళ్ళు. వీళ్ళది నిజానికి దొంగల కన్న ముందు వంశమే. 1978 మే నెలలో గేరీ త్యూర్క్ అనే కంప్యూటర్ల అమ్మకందారు, అప్పటి నెట్‌వర్కు సభ్యుల అచ్చు పుస్తకం ముందేసుకుని, 400 మందికి ఒకేసారి వ్యాపార ప్రకటన పంపించాడు. తిట్లూ వచ్చాయి, బేరాలూ వచ్చాయి. బేరాలు రావడమే లోకానికి చేటయింది. 1994 ఏప్రిల్లో అమెరికాలోని ఒక వకీళ్ళ జంట గ్రీన్ కార్డు లాటరీ గురించి వేలాది చర్చా బృందాల్లో ఒకే ప్రకటన అతికించారు. మనవాళ్ళకి ఆ లాటరీలో ప్రవేశమే లేదు, అంచేత ఆశపడే బాధ తప్పింది. దీనికి స్పామ్ అనే పేరు డబ్బాలో అమ్మే ఒకరకం పంది మాంసం నించి వచ్చింది. 1970లో ఇంగ్లండు టెలివిజన్లో ఒక హాస్య నాటిక వేశారు. అందులోని హోటల్లో ఏది అడిగినా స్పామే తెచ్చి పెడతారు. ఉత్తరాల పెట్టె తెరిస్తే మన పరిస్థితీ అదే.

పంపినవాడెవడో తెలుసుకోవడం ఎలా? కవరు మీద 'ఇట్లు' అని ఉన్న పేరుని నమ్మితే పప్పులో కాలేసినట్టే. ఎవరి పేరైనా రాసుకోవచ్చు. చూడవలసింది ముద్రలు. ఉత్తరం ఏయే తపాలా ఆఫీసుల గుండా వచ్చిందో, ఒక్కొక్క ఆఫీసూ తన ముద్ర వేస్తుంది. కింద ఉన్న పాత ముద్రల్ని పంపినవాడు ముందే తయారుచేసి పెట్టవచ్చు. పైనున్న ముద్ర, అంటే మన ఆఫీసే వేసిన ముద్ర, అది మాత్రం అబద్ధం చెప్పదు. 'ఈ ఉత్తరాన్ని నా చేతికిచ్చింది ఫలానా చిరునామా' అంటుంది. అంతవరకే నమ్మాలి. ఆ వెనక మళ్ళీ హనోవరో, బ్రెమెనో ఎవరికెరుక!

ఇలా తేలిన చెడ్డ చిరునామాలన్నిటినీ పట్టికగా రాసి అందరికీ అందేట్టు చేసినవాడు పాల్ విక్సీ, 1997లో. మర్నాడే అన్నట్టు 1998లో స్టీవ్ లిన్‌ఫర్డ్ అనే ఆయన లండన్లో స్పామ్‌హౌస్ మొదలుపెట్టాడు. పట్టికని అడిగే పద్ధతి తమాషాగా ఉంటుంది. 192.0.2.99 మంచిదా చెడ్డదా అని తెలుసుకోవాలంటే, తిరగేసి 99.2.0.192 అని అడగాలి. పట్టికలో ఉంటే 127.0.0.2 అని జవాబొస్తుంది. లేకపోతే అలాంటిదేం లేదంటుంది. మన పాత శాసనాల్లోనూ ఇంతే. శక సంవత్సరాన్ని ఆకాశమనీ, కన్నులనీ, సముద్రాలనీ మాటల్లో చెప్పి, అంకెలు మాత్రం కుడి నుంచి ఎడమకి పేర్చుకోమనేవారు. శాసనం చదవడానికి పండితుడికి ఓ పూట పడుతుంది. ఈ ప్రశ్న, జవాబూ రెప్పపాటులో అయిపోతాయి.

ఫిర్యాదులు పోగుచేసేవాళ్ళూ వచ్చారు. జొహానెస్ ఉల్రిచ్ అనే ఆయన 2000లో డీషీల్డ్ అని ఒకటి పెట్టాడు. ఎవరి కంప్యూటరు తలుపు ఎవరు తట్టినా అక్కడికి రాసి పంపవచ్చు. ఒక్కొక్కరి ఫిర్యాదు విడిగా చూస్తే చిల్లర, మన 75 సెంట్లలాగే. 2001 మార్చిలో 53వ నెంబరు తలుపు తడుతున్నారంటూ ఊరూరి నించీ ఫిర్యాదులు ఒక్కసారి పెరిగాయి. అవన్నీ కలిపి చూస్తే, దానంతట అదే పాకుతూపోయే పురుగు ప్రోగ్రాం ఒకటి బయల్దేరిందని తెలిసింది.

పట్టిక రాసేవాడికి శత్రువులు తప్పరు. అమెరికాలోని ఒక ప్రకటనల కంపెనీ, మమ్మల్ని పట్టికలో ఎక్కించారని స్పామ్‌హౌస్ మీద దావా వేసింది. 2006లో కోర్టు కోటీ పదిహేడు లక్షల డాలర్లకి డిక్రీ ఇచ్చింది. అప్పీలు మీద అప్పీలు నడిచి 2010లో అది 27,002 డాలర్లకి దిగింది. 2011లో పైకోర్టు ఇంకా తగ్గించి మూడు డాలర్లు చేసింది. మూడంటే మూడే. 2013 మార్చిలో కొందరు ఏకంగా స్పామ్‌హౌస్ మీద అప్పటివరకు కనీవినీ ఎరగనంత రద్దీ పోయించి ఊపిరాడకుండా చేశారు.

ఈ పని వల్ల మేలు లేదని మాత్రం అనకండి. 2008 నవంబరులో కాలిఫోర్నియాలో మెకోలో అనే ఒక్క కంపెనీ చిరునామాలకి తీగ తెంపితే, ఒక్క రాత్రిలో ప్రపంచం మొత్తం మీద చెత్త ఉత్తరాలు సగానికి పైగా పడిపోయాయి. కొన్ని నెలలకి మళ్ళీ మొదటికొచ్చిందనుకోండి.

ఎందుకు రాదు! పంపే కంప్యూటర్లు అసలువాడివి కావు. ఎక్కడో ఎవరింట్లోవో. 2012లో సోఫోస్ కంపెనీ లెక్కవేస్తే, స్పామ్ పంపే దేశాల్లో మన దేశం అగ్రస్థానంలో నిలిచింది. మనవాళ్ళంతా దొంగ మందుల వ్యాపారం పెట్టారని కాదు. మన ఇళ్ళలోని కంప్యూటర్లలో ఎవరో గుడ్డు పెట్టి వెళ్ళారు. కరెంటు బిల్లు మనది, మేత పెట్టేది మనం. పిల్ల ఎవరిదో మనకి తెలీదు.

ఆ ఫలితం నేనూ కొంచెం రుచి చూశాను. మా ఇంట్లో పెళ్ళి శుభలేఖ కంప్యూటర్లో పంపితే సగం ఉత్తరాలు తిరిగొచ్చాయి, 'మీ చిరునామా చెడ్డవాళ్ళ పట్టికలో ఉంది' అని కింద ఓ వాక్యంతో. నేను చేసిన పాపమేమిటో ఎవరినడగాలో తెలీలేదు. తరవాత తెలిసిందేమంటే, చిరునామాలు చాలక కంపెనీలు ఒకే చిరునామాని వందల ఇళ్ళకి పంచుతాయట. ఆ వందల్లో ఎవరింట్లోనో కోయిల పిల్ల కూసింది. శిక్ష వీధి మొత్తానికి.

శుభలేఖ తిరిగి రావడం చిన్న విషయం. 2007 ఆగస్టులో ఇంటర్నెట్‌లో ఎవరో శివాజీ మహారాజుని కించపరుస్తూ ఏదో పెట్టారు. పుణె పోలీసులు చిరునామా పట్టుకుని, అది ఎవరిదని ఇంటర్నెట్ కంపెనీని అడిగారు. కంపెనీవాళ్ళు పద్దు చూసి పేరు చెప్పారు. బెంగుళూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసుకునే ఒక యువకుణ్ణి ఇంటి నించి తీసుకుపోయారు. 50 రోజులు జైల్లో ఉన్నాడు. తీరా చూస్తే ఆ చిరునామా అతనిది కాదు. కంపెనీ ఇచ్చిన పేరే తప్పు. చుక్కలతో ఉన్న అంకెల పక్కన ఒక గుమాస్తా మరొకరి పేరు రాస్తే అంత పని జరిగింది. 75 సెంట్ల తేడా చూసి నిద్రపోని స్టోల్‌లాంటి వాడు ఆ ఆఫీసులో ఒక్కడుంటే బావుండేది.

అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో పాట్విన్ అనే చిన్న ఊరుంది. దాని దగ్గర పొలం మధ్య ఒక ఇల్లు. దాని యజమానురాలు వయసు మళ్ళిన ఆవిడ. అద్దెకున్నవాళ్ళు కాపురముంటున్నారు. 2011 నించీ ఆ ఇంటికి విపరీతం మొదలయింది. నా వ్యాపారం నడవకుండా ఉత్తరాలు కుప్పలుగా పంపిస్తున్నావేమని ఒకడు మండిపడ్డాడు. పోలీసులొస్తారు, ఎఫ్.బి.ఐ. వాళ్ళొస్తారు, పన్నుల శాఖవాళ్ళొస్తారు. ఆత్మహత్య చేసుకోబోతున్న మనిషి ఇక్కడున్నాడని అంబులెన్సులొస్తాయి. ఎవడో కోపం పట్టలేక పగిలిపోయిన మరుగుదొడ్డి బేసిన్ ఒకటి తెచ్చి వాకిట్లో పడేసి పోయాడు. ఆ ఇంట్లోవాళ్ళు ఏ నేరమూ ఎరగరు.

జరిగిందేమిటో 2016 ఏప్రిల్లో కశ్మీర్ హిల్ అనే పత్రికా విలేఖరి బయటపెట్టింది. మాక్స్‌మైండ్ అనే కంపెనీ ఏ చిరునామా ఏ ఊళ్ళో ఉందో పటం మీద చూపించే పట్టిక తయారు చేస్తుంది. కొన్ని చిరునామాలు అమెరికాలో ఉన్నాయని తెలుసు గాని, ఎక్కడో తెలీదు. తెలీదని ఖాళీగా వదలకుండా, దేశం నడిబొడ్డున ఒక చుక్క పెడదామనుకున్నారు. అసలు నడిబొడ్డు అంకెలు పొడుగ్గా ఉన్నాయని గుండ్రంగా సవరించి, ఉత్తరానికి 38, పడమరకి 97 డిగ్రీలు అన్నారు. ఆ రెండు గీతలూ కలిసే చోట సరిగ్గా ఈ ఇంటి వాకిలి ఉంది. అలా 60 కోట్లకి పైగా చిరునామాల వాళ్ళు, అందులో ఎందరు దొంగలో, ఎందరు దొరలో, అందరూ పటంలో ఆ ఇంట్లో కాపురమున్నట్టే తేలారు.

జిల్లా షెరిఫ్ చివరికి ఆ ఇంటి దారి మొదట్లో బోర్డు పెట్టించాడు: ఇటు రాకండి, ఏదైనా ఉంటే నాతో మాట్లాడండి అని. విషయం పత్రికకెక్కాక కంపెనీవాళ్ళు నాలిక్కరుచుకుని చుక్క జరిపారు. ఈసారి ఎవరింటి మీదా పడకుండా, విచిటా అనే ఊరికి పడమటగా ఉన్న జలాశయం నడిమధ్యకి.